పడమటి గోడకు పచ్చని తెర

బొగ్గుకు, రైళ్లకు, ఎండలకు పేరుపడిన బిలాస్‌పూర్ అంచున ఉన్నది తిఫ్రా. అక్కడి మండే గోడను చల్లబరచగల విద్య పెరటి పందిరికి ఎప్పుడో తెలుసు. కావలసినదల్లా గోడ పక్కన ఒక్క అడుగు నేల.

మే నెల నాలుగవ వారంలో, సాయంకాలం నాలుగు గంటలకు, తిఫ్రాలో నీడకు ఉన్న విలువ మరి దేనికీ ఉండదు. రాయపూర్ రోడ్డు మీద తారు మెత్తబడుతుంది. కార్ఖానాల రేకుల కప్పులు కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి. పడమటి ముఖంగా కట్టిన ఇళ్ల గోడలు మాత్రం మౌనంగా నిలబడి ఎండను తాగుతూ ఉంటాయి.

ఆ తాగుడు ఫలితం వెంటనే కనిపించదు. రాత్రి పది గంటలకు ఆ గదులలో ఏ ఒక్కదానిలోనైనా పడమటి గోడకు లోపలివైపు అరచెయ్యి ఆనిస్తే అసలు సంగతి బోధపడుతుంది. సూర్యుడు అస్తమించి మూడు గంటలు దాటినా గోడ వెచ్చగానే ఉంటుంది. బయట చుక్కలు పొడిచినా గోడ లోపల మధ్యాహ్నం ఇంకా ముగియదు. దానికి ఆనుకొని వేసిన మంచం మీద పసిబిడ్డ పొర్లుతూనే ఉంటుంది. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లవలసిన మనిషి చాప తీసుకొని గుమ్మంలోకి వస్తాడు.

ఎండ దెబ్బ అనగానే నడిబజారులో సొమ్మసిల్లి పడిన మనిషి గుర్తుకు వస్తాడు. కాని పగలంతా వేడికి నలిగిన శరీరం రాత్రి నిద్రలో చల్లబడి కోలుకోవాలి. ఆ అవకాశం వరుసగా కొన్ని రాత్రులు దక్కకపోతే గుండె మీద, మూత్రపిండాల మీద భారం పెరుగుతుంది. వృద్ధులు, పసివారు, రోగులు మొదట దెబ్బతింటారు. కనుక వేసవిలో ఒక గోడ ఎంత వేడెక్కుతుందన్నది కేవలం సుఖానికి సంబంధించిన ప్రశ్న కాదు.

2017 మే 23న బిలాస్‌పూర్‌లో ఉష్ణోగ్రత 49.3 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. వాతావరణ కేంద్రాలలో ఉష్ణమాపకాన్ని నీడలో, గాలి ఆడే పెట్టెలో ఉంచుతారు. అంటే ఆ అంకె నీడలోని గాలిది. ఆనాడు ఎండకు ఎదురుగా నిలబడిన గోడలు ఎంత కాగి ఉంటాయో ఊహించుకోవలసిందే.

రైలు తెచ్చిన ఊరు

ఛత్తీస్‌గఢ్ మైదానంలో, అర్పా నది ఒడ్డున వెలసిన పట్టణం బిలాస్‌పూర్. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1891 నాటికి నాగపూర్ నుంచి అసన్‌సోల్ వరకు ఇనుపదారి పరచింది. ఆ దారిలో బిలాస్‌పూర్ ముఖ్యమైన కూడలి అయింది. 20వ శతాబ్ది ఆరంభంలో వాల్తేరు వరకు గల తూర్పు కోస్తా మార్గం కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. 1931లో రాయపూర్, విజయనగరాల మధ్య రైలుమార్గం పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ బయలుదేరిన వారికి ఈ దారులు ఖరగ్‌పూర్‌ను, రాయపూర్‌ను, బిలాస్‌పూర్‌ను చేరువ చేశాయి. ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా, గుమాస్తాలుగా, గ్యాంగ్‌మన్లుగా వచ్చినవారి మనుమలు, మునిమనుమలు నేటికీ ఇక్కడి రైల్వే కాలనీలలో ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ కనిపిస్తారు.

2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి, బిలాస్‌పూర్ దాని ప్రధాన కేంద్రమైంది. నగరం నలువైపులా విస్తరించింది. రాయపూర్ రోడ్డు వెంట పారిశ్రామిక వాడగా పెరిగిన తిఫ్రా చాలాకాలం ప్రత్యేక పురపాలక సంఘంగా ఉండి, 2019లో బిలాస్‌పూర్ నగరపాలక సంస్థలో కలిసింది. కార్ఖానాలు, గోదాములు, కూరగాయల టోకు మార్కెట్టు, బస్సుల అడ్డా, వాటి నడుమ ఒకదానికొకటి ఆనుకొని లేచిన అద్దె గదులు - ఇదీ తిఫ్రా రూపం. ఇలాంటి శివారు ఊళ్లలో మొదట పోయేది చెట్టు, తర్వాత పోయేది పెరడు. ఆ రెంటి స్థానంలోకి సిమెంటు వస్తుంది.

ఎండ ఏ గోడను వెతుక్కుంటుంది?

బిలాస్‌పూర్ సుమారు 22 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కర్కటరేఖకు కొంచెం దక్షిణంగా ఉన్నది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఈ నగరానికి అతి సమీపంలో పోతుంది. అందువల్ల ఇక్కడ గడియారానికీ సూర్యునికీ పెద్దగా పేచీ లేదు. గడియారం 12 కొట్టే వేళకే సూర్యుడు నడిమింటికి వస్తాడు. జూన్ మొదటి రోజులలో ఒకసారి, జూలై రెండవ వారంలో మరొకసారి ఆయన సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు.

ఇందులో ఇల్లు కట్టేవారు గమనించదగిన రహస్యం ఒకటి ఉన్నది. నడివేసవి మధ్యాహ్నం ఎండ భారమంతా ఇంటికప్పు మీద పడుతుంది. ఆ సమయంలో దక్షిణపు గోడకు తగిలే ఎండ బహు స్వల్పం. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు ఆ గోడకు ఎండ బాగా తగులుతుంది గాని, అప్పటి వెచ్చదనం ఎవరికీ చేదు కాదు. వేసవిలో అసలు శత్రువులు తూర్పు, పడమటి గోడల మీదికి వస్తారు. ఉదయపు ఎండ తూర్పు గోడను తాకే వేళకు గాలి ఇంకా చల్లగానే ఉంటుంది. సాయంకాలపు ఎండ పడమటి గోడను తాకేసరికి గాలి అప్పటికే నిప్పులు కక్కుతుంటుంది. పైగా సూర్యుడు కిందికి దిగిన కొద్దీ కిరణాలు గోడకు మరింత సూటిగా తగులుతాయి.

9 అంగుళాల ఇటుక గోడ గుండా వేడి బయటి నుంచి లోపలికి ప్రయాణం చేయడానికి సుమారు 6 నుంచి 8 గంటలు పడుతుంది. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు బయట పడిన ఎండ రాత్రి పది, పన్నెండు గంటలకు లోపల పడక పక్కన తేలుతుంది. పగలు ఉపకారం చేసే మందపు గోడ రాత్రికి అపకారి కావడానికి కారణం ఇదే.

వేడిని లోపలికి వచ్చిన తర్వాత తరమడం కష్టం, ఖర్చు కూడా. ఎయిర్ కండిషనర్ గదిలోని వేడిని తీసి వీధిలో పోస్తుంది. దాన్ని కొనగలిగినవాని గది చల్లబడుతుంది, కొనలేనివాని కిటికీ ముందు గాలి మరింత కాగుతుంది. బిలాస్‌పూర్ చేరువలోని సీపత్ విద్యుత్కేంద్రం సామర్థ్యం 2,980 మెగావాట్లు. అది నడిచేది బొగ్గుతోనే. చల్లదనం కొరకు బొగ్గు కాల్చడం, ఆ కాల్పు వల్ల భూగోళం మరికొంత వేడెక్కడం, ఆ వేడికి మరింత చల్లదనం కోరడం - ఈ గుండ్రని దారిలో నేడు ఉష్ణదేశాల నగరాలన్నీ తిరుగుతున్నాయి. అందువల్ల ఎండను గోడ దాకా రానీయకుండా ఆపే ఉపాయం ఏదైనా ఉంటే దాన్ని తేలికగా తోసివేయరాదు.

వట్టివేళ్ల తడిక నుంచి సొరపందిరి వరకు

పచ్చగోడ అనే మాట కొత్తది కావచ్చు, ఆలోచన పాతది. తెల్లదొరల కాలపు బంగళాలలో వేసవి రాగానే వాకిళ్లకు వట్టివేళ్ల తడికలు కట్టించి, వాటిని తడుపుతూ ఉండేవారు. బయటి వడగాలి ఆ తడి వేళ్ల గుండా వచ్చేసరికి చల్లనై, సువాసన మోసుకొని గదిలో ప్రవేశించేది. నేడు ఇంటింటా హోరుమనే కూలర్ పనిచేసే సూత్రం అదే.

తెలుగు పల్లెలో ఇంటిముందు తాటాకుల చలువ పందిరి, పెరటిలో బీర, సొర, చిక్కుడు పాదులు ఎవరికీ కొత్త కాదు. దడి మీదికి ఎక్కిన తీగ అక్కడితో ఆగదు. చూరు అందుకొని ఇంటిమీద పరుచుకుంటుంది. కాయలు కూరకు, ఆకుల నీడ గోడకు. ఛత్తీస్‌గఢ్ గ్రామాలలో పెరటితోటను బారీ అంటారు. 2018 డిసెంబరులో వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం వాగులు, పశువులు, పెంటపోగులతో పాటు ఈ బారీని కూడా గ్రామసీమ నాలుగు గుర్తులలో ఒకటిగా ఎంచి, వాటి పేరిట ఒక పథకమే నడిపింది. దొండను ఇక్కడ కుందరు అంటారు, చిక్కుడును సేమీ అంటారు, గుమ్మడిని మఖనా అంటారు. మన బచ్చలి ఇక్కడ పోయీ భాజీ. పేర్లు మారినా పాదు ఒక్కటే, పందిరి ఒక్కటే. శ్రీకాకుళం నుంచి వచ్చిన అవ్వకూ, ముంగేలీ నుంచి వచ్చిన పొరుగింటి అవ్వకూ మాట కలవకపోయినా విత్తనాల దగ్గర చేతులు కలుస్తాయి.

ఆకు చేసే పని

ఎండకూ గోడకూ నడుమ ఆకు నిలబడితే రెండు మేళ్లు కలుగుతాయి. మొదటిది నీడ. దట్టంగా అల్లుకున్న తీగ ఎండలో అధికభాగాన్ని తన మీదే పడనిస్తుంది. రెండవది ఆవిరి. వేరు తాగిన నీటిని ఆకు సన్నని రంధ్రాల గుండా బయటికి వదులుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడి సుమారు 0.67 యూనిట్ల విద్యుచ్ఛక్తికి సమానం. గోడలోకి దిగవలసిన ఎండలో కొంతభాగం ఈ విధంగా ఆకు దగ్గరే ఖర్చయిపోతుంది. ఎండలో రాయి చేతిని చురుక్కుమనిపిస్తుంది, దాని పక్కనే ఉన్న పచ్చని ఆకు అలా కాల్చదు. తేడా ఆ తడిలోనే ఉన్నది.

తీగను గోడకు నేరుగా అతికించక, నాలుగైదు అంగుళాల ఎడంలో వెదురు చట్రం మీదికి పాకిస్తే మూడవ మేలు కూడా చేకూరుతుంది. ఆ సందులో గాలి ఆడి గోడను ఆరబెడుతుంది.

ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఏప్రిల్, మే నెలల గాలి పొడిగా ఉంటుంది. పొడిగాలిలో ఆవిరి త్వరగా లేస్తుంది కనుక చల్లదనమూ ఎక్కువే. జూన్ నడిమికి వానలు దిగి గాలిలో తేమ చేరగానే కూలర్లు చతికిలబడినట్లే ఆకుల ఆవిరి మహిమ కూడా తగ్గుతుంది. అప్పుడు మిగిలేది నీడ ఒక్కటే. కాని ఆనాటికి మబ్బు కూడా తోడు వస్తుంది.

సింగపూర్ చెప్పిన పాఠం

ఆధునిక పచ్చగోడ చరిత్ర అమెరికాలో మొదలవుతుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉద్యాన వాస్తుశిల్పం బోధించిన స్టాన్లీ హార్ట్ వైట్ మొక్కలను మోసే గోడ నిర్మాణానికి 1938లో పేటెంటు పొందాడు. లోకం అప్పట్లో దాన్ని పట్టించుకోలేదు. దశాబ్దాల తర్వాత ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు పాట్రిక్ బ్లాంక్ ఆసియా ఉష్ణారణ్యాలలో మట్టి లేకుండానే తడి బండల మీద పెరిగే మొక్కలను గమనించి, మందపు గుడ్డపొరలలో మొక్కలు నాటి, పైనుంచి సన్నగా పోషకజలం జార్చే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. 2006లో తలుపులు తెరిచిన పారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియం గోడ ఆయన చేతిపనులలో ప్రసిద్ధమైనది.

ఉష్ణమండల నగరాలకు ఈ గోడలు ఎంత ఉపయోగమో కొలిచి చూసినవారు సింగపూర్ పరిశోధకులు. అక్కడి జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన వాంగ్ న్యుక్ హీన్ బృందం హార్ట్‌పార్క్ అనే ఉద్యానంలో 8 రకాల పచ్చగోడలను నిలబెట్టి, మొక్కలు లేని గోడతో పోల్చింది. 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మంచి రకం పచ్చగోడ వెనుక గోడ ఉపరితలం, వట్టి గోడ కంటే గరిష్ఠంగా 11.58 డిగ్రీలు చల్లగా ఉన్నది. ఇది గోడ పైముఖం లెక్క, గదిలోని గాలి లెక్క కాదు. ఈ భేదాన్ని మరచి గది 11 డిగ్రీలు చల్లబడుతుందని చెప్పే అమ్మకందార్ల మాట నమ్మరాదు. అయినా గోడ చల్లబడితే రాత్రి దాని నుంచి లోపలికి వచ్చే సెగ తగ్గుతుందనడంలో సందేహం లేదు.

సింగపూర్‌లో సాధ్యమైనది తిఫ్రాలో సాధ్యమేనా? సింగపూర్‌లో ఏటా 2,000 మిల్లీమీటర్లకు మించి వాన కురుస్తుంది, వాన లేని నెల అంటూ ఉండదు. అక్కడ ఇంతవరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. బిలాస్‌పూర్‌కు వాన తక్కువేమీ కాదు గాని, అందులో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురిసిపోతుంది. ఎండలు ముదిరే నెలలలో ఆకాశం చుక్క రాల్చదు. వేసవిలో అర్పా నదిలో నీటికన్నా ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. గోడకు నీడ ఎప్పుడు కావాలో సరిగ్గా అప్పుడే నీటికి కరువు.

ఈ ఇబ్బంది వల్లనే పచ్చగోడలలోని రెండు జాతులను వేరుచేసి చూడవలసి ఉన్నది. ఒకటి తొట్టి గోడ. గోడ మీద వందలాది చిన్న తొట్లనో గుడ్డసంచులనో పేర్చి, పంపుతో నీళ్లు పట్టేది. చూపరులకు కన్నులపండువే. కాని చారెడు మట్టిలో బతికే మొక్కకు నిలవ నీరు ఉండదు. చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్ల చొప్పున లెక్కవేసినా 20 చదరపు మీటర్ల గోడకు 100 లీటర్లు కావాలి. మే నెలలో విద్యుత్తు ఒక్కరోజు నిలిచిపోయినా, పంపు చెడినా మొక్కలు మాడిపోతాయి. చల్లని లండన్‌లోనే ఇస్లింగ్టన్ ప్రాంతపు ప్యారడైజ్ పార్క్ శిశుకేంద్రం మీద ఎంతో ఖర్చుతో పెంచిన పచ్చగోడ 2009లో ఎండిపోయింది.

రెండవది తీగ గోడ. దీని వేరు నేలలో ఉంటుంది, ఆకు మాత్రమే గోడ మీద ఉంటుంది. నేల పెద్ద నీటి కొట్టు వంటిది. లోతుకు దిగిన వేరు నాలుగు రోజులు నీరు పోయకున్నా ప్రాణం నిలుపుకొంటుంది. పంపు అక్కరలేదు, వంటింట్లో బియ్యం కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు చాలావరకు సరిపోతుంది. ధనిక హోటలు గోడకు మొదటిది అలంకారం కావచ్చు. తిఫ్రా గదికి రెండవదే ఆధారం.

తిఫ్రా గోడకు తగిన తీగ

తీగలన్నీ ఒక్కటి కావు. తొలకరిలో పెట్టిన బీర, చిక్కుడు పాదులు చలికాలంలో కాపు ముగించి ఎండిపోతాయి. ఏప్రిల్ నాటికి గోడ మీద ఎండుపుల్లలే మిగులుతాయి. వేసవి నీడ కావాలంటే సొరను, బీరను జనవరి, ఫిబ్రవరి నెలలలో నాటుకోవాలి. అప్పుడు ఎండలు ముదిరేసరికి ఆకు గుబురు కడుతుంది. దొండపాదు ఒకసారి నాటుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది, కత్తిరించిన కొద్దీ చిగురిస్తుంది. బచ్చలి వేడిని ఓర్చుకొంటూనే కూరాకు ఇస్తుంది.

ఏడాది పొడవునా ఉండే నీడకు మన రాధామనోహరం మేలైనది. ఇక్కడివారు దాన్ని మధుమాలతి అంటారు. సాయంకాలం తెల్లగా విచ్చి, మరునాటికి గులాబిరంగు, ఆపై ఎరుపు తిరిగే దాని పూలగుత్తులు రెండంతస్తుల ఎత్తువరకు పోతాయి. నీటి ఎద్దడికి జంకని కాగితంపూల తీగ మండువేసవిలోనే విరగబూస్తుంది. ముళ్లుంటాయి కనుక దారి పక్కన జాగ్రత్త అవసరం. నగరాలలో వంతెనల అంచుల నుంచి ఆకుపచ్చని తెరలా వేలాడే కర్టెన్ క్రీపర్ కూడా ఇలాంటి మొండి తీగే. నీడపట్టున ముచ్చటగా పెరిగే మనీ ప్లాంటు మాత్రం పడమటి ఎండకు మాడిపోతుంది.

నాటరానివి కూడా ఉన్నాయి. గోడ పగులులో తనంతట మొలిచే రావి, మర్రి మొక్కలను చూసి పచ్చదనమే కదా అని వదిలేస్తే, వాటి వేళ్లు ఇటుకలను చీలుస్తాయి. తీగను కూడా ఏటా కత్తిరించి, ఎండుటాకు తీసివేసి, పాదు చుట్టూ శుభ్రంగా ఉంచాలి. పాములు, ఎలుకలు చేరుతాయన్న భయం నిరాధారమైనది కాదు. నేల నుంచి రెండడుగుల ఎత్తువరకు కొమ్మలు తీసివేసి కాండం మాత్రమే ఉంచితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. తొట్లలో, పళ్లేలలో నీరు నిలవకపోతే దోమలకు తావుండదు.

మరొక నిజం కూడా చెప్పక తప్పదు. నడివేసవిలో ఎండను ఎక్కువగా తీసుకొనేది కప్పు. రేకుల కింద, పలుచని స్లాబు కింద నివసించేవారు ముందు కప్పు సంగతి చూసుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూతలు, పలకలు ఇంటికప్పులపై వాడించడం దాని ఉద్దేశం. హైదరాబాదులో 2004లో వెలసిన సొహరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం భవనానికి కప్పుమీద తోట పెంచారు, గోడలకు పాతకాలపు జాలీలు అమర్చారు. కప్పుకు సున్నం, పడమటి గోడకు తీగ - ఈ రెండూ జతగా ఉంటేనే చిన్న గదికి పూర్తి మేలు.

ఒక్క అడుగు నేల

ఇంత సులభమైన ఉపాయం ఇంటింటా ఎందుకు కనిపించదు? విత్తనం ఖరీదు కొద్దిపాటిది. వెదురు అడవులున్న రాష్ట్రం ఇది. పందిరి వేయడం తెలియని చేతులు తక్కువ. లేనిది వేరు దిగడానికి నేల. గోడ మొదలు నుంచి మురుగుకాలువ వరకు సిమెంటు పరచడమే శుభ్రతకు గుర్తుగా మారింది. సిమెంటు తానూ వేడెక్కి, వానను నేలలోకి ఇంకనీయక, తీగకు చోటివ్వక మూడు విధాల నష్టం చేస్తుంది. పడమటి గోడ వెంట ఒక్క అడుగు వెడల్పున మట్టిని విడిచిపెట్టమని కొత్తగా వీధులు వేసేవారు, గదులు కట్టేవారు నియమం పెట్టుకుంటే అందుకు అదనంగా అయ్యే ఖర్చు ఏమీ లేదు.

రెండవ అడ్డంకి ఇంకా లోతైనది. ఏ గోడకు తీగ ఎక్కువ అవసరమో ఆ గోడ సాధారణంగా అక్కడ నిద్రించేవానిది కాదు. కార్ఖానా కూలీ అద్దె గదిలో ఉంటాడు. పందిరి గుంజ పాతడానికి ఇంటి యజమాని ఒప్పుకోవాలి. తీగ గుబురు కట్టేనాటికి తాను అక్కడే ఉంటానన్న నమ్మకం ఉండదు. యజమాని పై అంతస్తులో కూలర్ కింద ఉంటాడు, అతనికి ఆ గోడ వేడి తెలియదు. నగరాలు హరిత భవనాలకు బహుమతులు ఇచ్చేటప్పుడు అద్దాల మేడలతో పాటు ఈ వెనుక గదుల గోడలవైపు కూడా చూడాలి. అద్దె గదుల వరుసకు తీగ పెంచే యజమానికి ఇంటిపన్నులో కొద్ది తగ్గింపు ఇచ్చినా, పెద్ద కట్టడానికి వేలాడదీసే తొట్టి గోడ కంటే ఎక్కువ మంది చల్లగా నిద్రిస్తారు.

ఈ చిక్కుకు సమాధానం కొంత రైల్వే కాలనీల సంప్రదాయంలో ఉన్నది. రైల్వే క్వార్టర్ ఎవరి సొంతమూ కాదు. ఉత్తర్వు వచ్చిన నాడు సామాను కట్టుకొని మరో ఊరికి పోవలసిందే. అయినా క్వార్టర్ ముందు మల్లెపొద, వెనుక దొండపాదు, ప్రహరీ మీద రాధామనోహరం పెంచే అలవాటు తరతరాలుగా ఉన్నది. నాటినవారు బదిలీ అయిపోతారు. కొత్తగా వచ్చినవారు ఆ తీగ ఎవరిదో తెలియకుండానే నీళ్లు పోస్తారు. వారు పోయాక ఇంకొకరు వస్తారు. పాదుకు మాత్రం బదిలీ లేదు.

ఎండలు ఏటికేడు ముదురుతున్న ఈ కాలంలో తిఫ్రా వంటి ఊళ్లకు ఆ పాత అలవాటు పాఠం కాగలదు. జనవరిలో ఒక చల్లని ఉదయం పడమటి గోడ పక్కన నాలుగు గింజలు పాతి, చెంబెడు కడుగునీళ్లు పోస్తే, మే నెల సాయంకాలానికి అది తెరగా లేచి నిలబడుతుంది. ఆ రాత్రి పది గంటలకు గోడ మీద చెయ్యి ఆనించినవారికి తేడా తెలుస్తుంది. మంచం మీది పసిబిడ్డ కళ్లు మూతలు పడతాయి. ఆ గింజ పాతిన చెయ్యి అప్పటికి ఏ ఊరిలో ఉన్నా సరే.